సముద్రం నుంచి బస్సెక్కి వచ్చిన గేర్‌బాక్సు

మచిలీపట్నంలో రాత్రి బయలుదేరిన బస్సు తెల్లారేసరికి పెద్ద అంబర్‌పేట్ ఔటర్ రింగ్‌రోడ్డు కూడలి దగ్గర ఆగింది. మా బావమరిది ముందు గోనెసంచి దింపి, తర్వాత తను దిగాడు. సంచి మూతికి కట్టిన నైలాను తాడు వదులై, లోపలి నుంచి చేప తోకలాంటి అల్యూమినియం రెక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. నేను ఎత్తబోతుంటే చేయి అడ్డం పెట్టాడు.

"నిలువుగా పట్టుకో బావా. ఆయిల్ కారుతోంది, బట్టలు పాడైపోతాయి."

ఆ సంచిలో ఉన్నది పడవ మోటారు కింది సగం. పడవ వెనక చెక్కకు బిగించే ఔట్‌బోర్డు మోటారులో నీళ్లలో మునిగి ఉండే భాగం అదే. మెకానిక్కులు లోయర్ యూనిట్ అంటారు, మావాడు గేర్‌బాక్సు అంటాడు. వాడిది గిలకలదిండిలో ఫైబర్ బోటు. మోటారు పది హార్స్‌పవర్‌కు కాస్త లోపు, రెండు స్ట్రోకులది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ వలలు అల్లుకోవడానికి, పడవలకు రంగులేసుకోవడానికి, ఇంజన్లు విప్పుకోవడానికే. కూతురి కాలేజీ పని మీద ఎల్బీనగర్ రావాల్సి ఉండటంతో సంచి కూడా బస్సెక్కించాడు. మచిలీపట్నంలో చూపిస్తే మొత్తం గేర్‌బాక్సే మార్చాలన్నారట. ఆ డబ్బుతో సగం వల కొత్తగా కట్టుకోవచ్చు. "ముందు విప్పి చూద్దాం బావా, తర్వాత సంగతి తర్వాత" అన్నాడు.

పెద్ద అంబర్‌పేట్‌లో సముద్రం లేదు. ఇక్కడున్నది విజయవాడ హైవే, దాని పొడవునా లారీలు. లారీలు ఉన్నచోట సీళ్లు, బేరింగులు, పుల్లర్లు, లేత్ మిషన్లు ఉంటాయి. నగరం వైపు వెళ్తే హయత్‌నగర్ దాటగానే ఆటోనగర్. అక్కడ దొరకనిది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. పడవ గేర్‌బాక్సు లోపల చాలామటుకు ఉండేది లారీవాళ్లకు తెలిసిన సామానే: ఇనుప పళ్లు, బాల్ బేరింగులు, రబ్బరు పెదవుల సీళ్లు, తొంభై నంబరు గేర్ ఆయిల్. తేడా అంతా అది తిరిగే చోటులో ఉంది. లారీ గేర్‌బాక్సు గాలిలో తిరుగుతుంది. ఇది ఉప్పునీళ్లలో.

ఈ అమరిక కొత్తదేం కాదు. నార్వేలో పుట్టి అమెరికా వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో అమ్మకానికి పెట్టిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది. పైన ఇంజను, మధ్యలో నిలువు కడ్డీ, కింద నీళ్లలో గేర్లు, వాటి వెనక ఫ్యాను. శతాబ్దం దాటినా మనిషి ఇంతకంటే సులువైన ఏర్పాటు కనిపెట్టలేదు. నిలువుగా దిగిన షాఫ్టు కొసన చిన్న పినియన్ ఉంటుంది. అది ముందు గేరునూ వెనక గేరునూ ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. ఫ్యాను షాఫ్టు మీద జారే పళ్ల క్లచ్చు ఒకటి, ఏ గేరును కరచుకుంటే పడవ అటు నడుస్తుంది. దేన్నీ పట్టుకోకపోతే న్యూట్రల్. ఇంజను సుమారు రెండు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. ఇదంతా పావు లీటరు ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఆ పావు లీటరుకూ బయటి సముద్రానికీ మధ్య కాపలా ఉన్నది వేలెడు వెడల్పు లేని రబ్బరు పెదవి.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత టైరు మీద గేర్‌బాక్సును నిలబెట్టాం. దానికి రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి అడుగున, ఒకటి పైన. ముందు అడుగుది, తర్వాత పైది విప్పాలి. పైది విప్పితేనే గాలి లోపలికి పోయి ఆయిల్ బయటికి దిగుతుంది. పాత హార్లిక్స్ సీసా కింద పెట్టాను. మొదట చెంచాడు నీళ్లు పడ్డాయి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి కూర్చుంటాయి. ఆ వెనకే ఆయిల్ దిగింది, పాలు ఎక్కువైన కాఫీ రంగులో, చిక్కగా.

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేటట్లయితే ఆ రంగు గుర్తుపెట్టుకోండి. ఆయిల్ తేనె రంగులోనో, వాడకంతో నల్లబడో ఉంటే గేర్‌బాక్సు ఆరోగ్యంగా ఉన్నట్టు. తెల్లబడితే నీళ్లు చేరినట్టు. నీళ్లు కలిసిన ఆయిల్‌కు పళ్ల మధ్య పొరగా నిలబడే బలం ఉండదు. అంతకంటే ప్రమాదం పడవ ఒడ్డున ఉన్నప్పుడు జరుగుతుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే బేరింగు గుండ్ల మీద నీళ్లు తుప్పు చుక్కలు పెడతాయి. చుక్క పడ్డ గుండు తిరుగుతూ దారి గీరుతుంది. దారి గీరితే షాఫ్టు ఊగుతుంది. షాఫ్టు ఊగితే సీలు ఇంకా వదులవుతుంది. ఆ దశకు వచ్చాక గేర్‌బాక్సు మొత్తం మార్చమని చెప్పే మెకానిక్కును తప్పు పట్టలేం.

అడుగు స్క్రూ కొసన చిన్న అయస్కాంతం ఉంది. దానికి అంటిన బురద మావాడు బొటనవేలి గోటి మీద రాసి ఎండకు పట్టి చూశాడు. బూడిద రంగు పేస్టు, అక్కడక్కడ మెరుపు. అంతవరకు మామూలే, పళ్లు అరిగినంత పొడి రాలుతుంది. బియ్యపు నూకంత ముక్క కనిపించి ఉంటే సంచి మూతి మళ్లీ కట్టేసేవాళ్లం. కనిపించలేదు. వాడు నిట్టూర్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు.

వల పోగు

నీళ్లు ఎక్కడ దూరాయి? దూరడానికి దారులు మూడే: ఫ్యాను షాఫ్టు బయటికొచ్చే చోటు, నిలువు షాఫ్టు పైకెళ్లే చోటు, గేరు మార్చే కడ్డీ దిగే చోటు. ఇవి కాక స్క్రూల కింది వాషర్లు, వెనక మూత చుట్టూ ఉండే ఓ-రింగు.

ఫ్యాను నట్టుకు గుచ్చిన చీలపిన్ను తీసి, నట్టు విప్పి, ఫ్యాను వెనక్కి లాగాం. దాని వెనక ఉన్న ఇత్తడి వాషరు తీయగానే కారణం కనిపించింది. పచ్చటి నైలాను పోగు. వల పోగే. షాఫ్టు చుట్టూ దారపు ఉండలా బిగుసుకుపోయి, వేడికి కరిగి ఉంగరంలా గట్టిపడింది. కత్తి మొనతో ఒక్కో చుట్టూ కోస్తూ తీశాను. బల్ల మీద పరిచి కొలిస్తే రెండు బారలకు పైనే వచ్చింది. చివరి చుట్టు సీలు పెదవి కిందికి దూరి, రబ్బరును నెలవంకలా కోసేసింది.

"ఎప్పుడు పడిందో తెలియలేదు బావా. ఫ్యాను ఆగితేనే కదా తెలిసేది" అన్నాడు.

నిజమే. పెద్ద వల చుట్టుకుంటే మోటారు ఆగిపోతుంది, మనిషి వంగి కోసేస్తాడు. ఒంటి పోగు మోటారును ఆపదు. ఫ్యానుకూ గేర్‌బాక్సుకూ మధ్య సందులోకి చప్పుడు చేయకుండా చేరి అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఆ తర్వాతి పని చన్నీళ్లది. గంటలసేపు నడిచి వేడెక్కిన గేర్‌బాక్సు ఆగాక చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, కోసుకుపోయిన పెదవి సందులోంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. నడుస్తున్నప్పటి కంటే ఆగాకే ఎక్కువ తాగుతుందంటే నమ్మలేం గానీ, జరిగేది అదే. అందుకే నెలకోసారి ఫ్యాను విప్పి షాఫ్టు చూసుకోవాలి. దానికి ఒక పానా, ఒక పట్టకారు, కొత్త చీలపిన్ను, పావుగంట సమయం చాలు. తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టు గాళ్లకు నీళ్లకు కొట్టుకుపోని గ్రీజు రాయాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ ఫ్యాను సుత్తికీ నిప్పుకీ కూడా ఊడదు.

రెండు బోల్టులు, రెండు రోజులు

సీళ్లు మార్చాలంటే వాటిని మోసే వెనక మూత బయటికి రావాలి. దాన్ని పట్టుకుని ఉన్నది రెండే బోల్టులు. స్టీలు బోల్టు, అల్యూమినియం ఒళ్లు, మధ్యలో ఉప్పునీరు. రెండు లోహాలు ఉప్పునీళ్లలో కలిస్తే అది చిన్న బ్యాటరీయే. అల్యూమినియం కొంచెం కొంచెంగా తినబడి, తెల్లటి సున్నంలా మారి, ఆ సున్నమే సిమెంటులా బిగుస్తుంది. దీన్ని ఆపడానికే గేర్‌బాక్సు మీద జింకు ముక్క ఒకటి బిగిస్తారు. తినాల్సింది ఏదైనా ఉంటే ముందు దాన్ని తినమని. మావాడు దానికీ నీలం రంగు పూశాడు. రంగు పూసిన జింకు పని చేయదు. నీళ్లకు తగిలితేనే అది కాపలా కాస్తుంది. ఈ సంగతి చెబితే తీరంలో పడవలకు రంగులేసే చేతులన్నీ ఒకసారి ఆగుతాయి.

మొదటి బోల్టు రెండు రోజుల పాటు తుప్పు వదిలే నూనె తాగి, కేసుకు చుట్టూ వేడి తగిలించాక కదిలింది. రెండోదాన్ని నేను తొందరపడి తిప్పాను. తల విరిగి చేతిలోకి వచ్చింది. ఆ క్షణంలో ఒంట్లో పుట్టే చల్లదనం పానా పట్టిన ప్రతివాడికీ తెలుసు. మూత బయటికొచ్చాక మిగిలిన మొండెం ఆటోనగర్‌లో లేత్ మిషన్ మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాం. ఆయన దాని నడిబొడ్డున సెంటరు పంచ్ గుర్తు పెట్టడానికే పది నిమిషాలు తీసుకున్నాడు. డ్రిల్లు చేసి, మొండెం తీసి, చెడిన మరల స్థానంలో స్టీలు స్ప్రింగు మర కూర్చాడు. "సముద్రపు సామానా? బిగించేటప్పుడు మరలకు గ్రీజు పెట్టండి. ఈసారి నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నాడు. సముద్రం ఎన్నడూ చూడని మనిషి, లోహాన్ని చూసి సముద్రం గురించి చెప్పాడు.

మూత లాగడానికి బేరింగు పుల్లర్ అంతకుముందే ఆ వీధిలో అద్దెకు దొరికింది. స్క్రూడ్రైవరు పొడిచి మూత లేపే పని ఎవరూ చేయకండి. ఓ-రింగు కూర్చునే అంచు మీద ఒక్క గీత పడినా కొత్త సీళ్లు దండగే.

గేర్‌బాక్సును మోటారు నుంచి దించేటప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మావాడు ఆ పని చక్కగా చేశాడు. గేరు మార్చే కడ్డీ మధ్యలో జతనట్టు ఉంటుంది. అది ఏ గేరులో ఉండగా విప్పాడో, ఎన్ని మరలు బయటికి కనిపించాయో సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. తిరిగి అలాగే కలపకపోతే లీవరు ముందుకు తోసినా క్లచ్చు సగమే కరుస్తుంది. సగం కరిచిన క్లచ్చు పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి, కొన్ని నెలల్లో గేరు జారడం మొదలవుతుంది. ఆ అట్ట ముక్క ఖరీదు ఒక క్లచ్చంత.

సీలు మీద అంకెలు

ఊడిన సీలును కిరోసిన్‌తో తుడిస్తే మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది లోపలి వ్యాసం, రెండోది బయటి వ్యాసం, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లలో. అంకెలు అరిగిపోతే కొలతల వెర్నియర్ ఉంది. ఆ మూడు అంకెలు చెబితే కౌంటరు మీద కుర్రాడు సొరుగు లాగి అచ్చం అలాంటి సీలే పెడతాడు. మాకూ పెట్టాడు. ఇక్కడే మావాడు నన్ను ఆపాడు. సీలును తిప్పి, పెదవి లోపల చుట్టూ ఉన్న సన్నటి స్ప్రింగును గోటితో మీటి, "ఇది మామూలు స్ప్రింగు బావా. మా నీళ్లలో మూడు నెలలు" అన్నాడు. లారీ సీలులో స్ప్రింగు మామూలు ఉక్కు. అది ఆయిల్‌లోనే ఉంటుంది, తుప్పు భయం లేదు. ఉప్పునీటి వైపు ఉండే సీలుకు స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉండాలి. చివరికి మోటారు కంపెనీ సీళ్ల సెట్టే తెప్పించాం. బేరింగు మాత్రం ఆటోనగర్‌లోనే కొన్నాం. దాని మీది నంబరు ప్రపంచమంతటా ఒకటే.

పాత సీళ్లు ఊడదీయకముందే ఫోనులో ఫొటోలు తీసుకున్నాం. జంట సీళ్లలో ఏ పెదవి ఎటు చూస్తోందో కంపెనీని బట్టి మారుతుంది. ఊహకు వదిలే విషయం కాదు. షాఫ్టు మీద సీలు ఆనే చోట గోరు అడ్డంగా లాగి చూశాను. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీలూ కారుతుంది. మా అదృష్టం, గోరు జారిపోయింది. సరిపడే సాకెట్టును మీద పెట్టి, సీలు అన్ని పక్కలా సమానంగా దిగేలా మెల్లగా తట్టాం. పెదవికి గ్రీజు రాశాం. షాఫ్టు గాళ్ల అంచులు కత్తుల్లా ఉంటాయి గనక వాటి మీద టేపు చుట్టి, ఆ పైనుంచి సీలు జార్చి, టేపు లాగేశాం. మావాడి భార్య పంపిన పూతరేకుల డబ్బా మీది టేపే అది.

ఎలాగూ విప్పాం కాబట్టి పైనున్న నీళ్ల పంపు కూడా తెరిచాం. అందులో ఉండేది రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్. ఇంజనుకు చల్లటి నీళ్లు ఎక్కించేది అదొక్కటే. మోటారు పక్కనుంచి సన్నటి ధార పడుతుంటే అది బతికున్నట్టు. నీళ్లు లేకుండా ఇంజను కాసేపు తిప్పినా దాని రెక్కలు కాలిపోతాయి. మాదానికి రెక్కలన్నీ ఒక పక్కకు ఒంగిపోయి, వేలితో నిలబెట్టినా నిలబడటం లేదు. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి, షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పుతూ గిన్నెలోకి దించాం. దాన్ని షాఫ్టుకు పట్టించే చిన్న చావి చేతిలోంచి జారి ఇసుకలో పడితే అరగంట వెతికాం. గ్రీజులో అద్ది అతికించి ఉంటే ఆ అరగంట మిగిలేది.

బుడగలు

ఆయిల్ పోసే ముందు గాలితో పరీక్ష చేయాలి. చాలామంది వదిలేసేది ఇదే, వదలకూడనిదీ ఇదే. పై స్క్రూ రంధ్రానికి సరిపడే మరలో సైకిల్ ట్యూబు వాల్వు కూర్చి తెచ్చాం. చేతి పంపుతో గాలి కొట్టాం. మోటార్‌సైకిల్ వెనక టైరుకు పెట్టేదాంట్లో సగం కంటే ఎక్కువ వద్దు. ఎంత అన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. మించితే సీళ్లే బయటికి తన్నుకొస్తాయి. గేర్‌బాక్సును నీళ్ల డ్రమ్ములో ముంచి షాఫ్టులు చేత్తో మెల్లగా తిప్పాం. ఫ్యాను దగ్గర ఏమీ లేదు. నిలువు షాఫ్టు దగ్గర ఏమీ లేదు. ఇద్దరం తలలు ఆనించి చూస్తున్నాం. అడుగు స్క్రూ దగ్గర ఆవగింజంత బుడగ పుట్టి, కాసేపు అంటుకుని ఉండి, పైకి వచ్చింది. వెనకే ఇంకొకటి.

స్క్రూ కింద పాత వాషరే ఉండిపోయింది, మేం మరిచిపోయాం. ఇన్ని సీళ్లు మార్చి, ఆ వాషరు వదిలేసి సముద్రంలోకి పంపి ఉంటే నెల తిరక్కుండా ఆయిల్ మళ్లీ పాలయ్యేది. కొత్త వాషరు వేశాక డ్రమ్ములో నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి.

ఆయిల్ కింది నుంచి పోయాలి. అడుగు రంధ్రంలోంచి ట్యూబుతో ఒత్తుతుంటే ఆయిల్ గాలిని పైకి తోసుకుంటూ నిండుతుంది. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చాక ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు ట్యూబు లాగి అడుగుది బిగించాలి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని, నిండిందనుకున్న గేర్‌బాక్సు సగం ఖాళీగా ఉంటుంది.

సొంతంగా చేసుకోగలిగిన పని ఇక్కడితో సరి. గేర్ల పళ్లు విరిగినా, పినియన్ మార్చాల్సి వచ్చినా మీరు పానా కింద పెట్టండి. రెండు పళ్ల మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. దాన్ని కాగితమంత పల్చటి రేకులు మార్చి, డయల్ గేజీతో కొలిచి సరిచేయాలి. చేతి అంచనాతో కూర్చిన గేర్లు మొదట ఊళపెడతాయి, తర్వాత విరుగుతాయి. అది జరిగేది ఒడ్డుకు చాలా దూరాన. ఆ పని ఆ పరికరాలున్న మెకానిక్కుదే, ఆయనకు ఇచ్చే డబ్బు న్యాయమైనది.

మన వీధిలోకి పడవ వచ్చినరోజు

ఇదంతా మత్స్యకారుల గొడవ, హైదరాబాద్ తూర్పున ఉన్న మనకెందుకు అనిపించవచ్చు. 2020 అక్టోబరు 13 రాత్రి గుర్తు చేసుకోండి. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో జనాన్ని పడవల్లో దాటించారు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగితే పడవలూ హెలికాప్టర్లూ వెళ్లాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు కాలువలయ్యాయి. 2018 వరదల్లో కేరళ మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించుకుని ఊళ్ల మధ్యకు వచ్చి వేలమందిని కాపాడారు. ఆ పడవల వెనక తిరిగినవి ఇలాంటి మోటార్లే.

వరద పడవ కష్టం సముద్రపు పడవ కష్టం కంటే వేరు. ఏడాదంతా గోదాములో నిలబడి ఉంటుంది. కదలని ఇంపెల్లర్ రెక్కలు ఒంగిన చోటే గట్టిపడతాయి, సీలు పెదవులు ఎండుతాయి. పిలుపు వచ్చిన రాత్రి నేరుగా బురదనీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లలో కేబుల్ తీగలు, చీరలు, పాలిథిన్ సంచులు. తీగ ఫ్యానుకు చుట్టుకుంటుంది, సంచి నీళ్లు పీల్చే జాలీకి అతుక్కుంటుంది, మునిగిన ప్రహరీగోడ కింది రెక్కకు తగులుతుంది. అందుకే మే నెలలోనే ఆ మోటార్లను డ్రమ్ములో నడిపించి ధార చూడాలి, అడుగు స్క్రూ కొంచెం వదులు చేసి ఆయిల్ రంగు చూడాలి. వరద తగ్గాక మంచినీళ్లతో కడిగి, ఫ్యాను విప్పి మళ్లీ చూడాలి. ఫ్యాను మీద చేయి వేసేముందు ఇంజను ఆపే ఎర్ర తాడు పీకి, ప్లగ్గుల టోపీలు ఊడదీయాలి. మెడ లోతు నీళ్ల మధ్య మేడ మీద ముసలామె ఎదురుచూస్తున్నప్పుడు నీళ్ల పంపు రబ్బరు రెక్క దగ్గర ఆ ప్రయాణం ఆగిపోకూడదు. ఎల్బీనగర్‌లోనూ హయత్‌నగర్‌లోనూ పానా పట్టే చేతులు వేలున్నాయి. వాటిలో కొన్నింటికైనా ఈ విద్య రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మే చివరలో గేర్‌బాక్సు మళ్లీ గోనెసంచిలోకి వెళ్లింది. ఈసారి తాడు గట్టిగా కట్టాం. బస్సు డిక్కీలో నిలువుగా పెట్టి, పక్కన బియ్యం మూట ఒరిగించాడు. మోటారుకు బిగించేముందు నిలువు షాఫ్టు గాళ్లకు గ్రీజు రాయమని, కొస మీద మాత్రం పెట్టవద్దని, అక్కడ పేరుకుంటే షాఫ్టు పూర్తిగా కూర్చోదని మూడుసార్లు చెప్పాను. "అట్ట ముక్క జేబులోనే ఉంది బావా" అన్నాడు.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక పడవలు వేటకు కదిలాయి. పదిరోజుల తర్వాత పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మాట ఏమీ రాయలేదు. తడిసిన అరచేయి, ఉప్పుకు పగిలిన చూపుడువేలు, దాని కొస మీద ఒక ఆయిల్ చుక్క. పెద్దది చేసి చూశాను. తేనె రంగు.